షోలవరంలో గెలవని కారు

మద్రాసు కీల్పాక్‌లో మా పెద్ద మావయ్య ఇంట్లో, హాలు మూలనున్న అద్దాల బీరువాలో నల్లబడిన వెండి కప్పు ఒకటి ఉండేది. దాన్ని ఇంటిల్లిపాదీ షోలవరం కప్పు అనేవారు. వేసవి సెలవులకు నెల్లూరు నుంచి వచ్చిన పిల్లలందరికీ మొదటి రోజే ఆ కప్పును చూపించి, తాతయ్య తన ఎం.జి. కారుతో షోలవరం పందెంలో అందరికంటే ముందు వచ్చి దాన్ని ఎలా గెలిచాడో చెప్పడం మావయ్యకు అలవాటు. కప్పును తోమడానికి మాత్రం ఆయన ఎవరినీ అనుమతించేవాడు కాదు. ఆ నలుపులోనే దాని విలువ ఉందని ఆయన వాదన. 2019 చివర ఆ ఇంటిని పడగొట్టి ఫ్లాట్లు కట్టడానికి ఒప్పందం కుదిరినప్పుడు, పెరటి షెడ్డులో టార్పాలిన్ కింద ముప్పై ఏళ్లకు పైగా కదలకుండా ఉన్న కారుతో పాటు ఆ కప్పు కూడా నా చేతికి వచ్చింది. మా ఆవిడ దాన్ని విభూతితో తోమింది. నలుపు వదిలాక బయటపడిన అక్షరాలను బట్టి అది ఒక క్లబ్బు టెన్నిస్ డబుల్స్ పోటీలో రెండో స్థానానికి ఇచ్చిన కప్పు.

కారును విప్పి, బాగుచేసి, మళ్లీ కట్టడానికి నాకు నాలుగున్నరేళ్లు పట్టింది. అందులో చాలా కాలం కారును నడిచే స్థితికి తేవడానికి కాక, అది తన కాలంలో ఏం చేసిందో తేల్చుకోవడానికే ఖర్చయింది. కప్పు సాక్ష్యం వీగిపోయింది కనుక ఇక ఇనుమునే అడగవలసి వచ్చింది.

కారు ఎం.జి. టి.సి. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డుకు దగ్గరలోని ఆబింగ్డన్ కర్మాగారంలో 1945 నుంచి 1949 వరకు తయారైన రెండు సీట్ల బండి. ఆ కర్మాగారం టెలిఫోన్ నంబరు 251 కావడం వల్ల మొదటి టి.సి. ఛాసిస్‌కు 0251 అని నంబరు వేశారు. చివరిదానికి 10251 పడింది. అంటే మొత్తం 10,001 కార్లు. మా కారుది మూడు వేల పై చిలుకు నంబరు, 1947 నాటిది. ఇంజను 1250 సి.సి., శక్తి 54 గుర్రాలు, పక్కపక్కనే రెండు ఎస్.యు. కార్బొరేటర్లు, 19 అంగుళాల పుల్లల చక్రాలు, ముందూ వెనకా కమాన్ కట్టల మీద కూర్చున్న గట్టి ఇరుసులు. బాడీ అంతా యాష్ కలపతో చేసిన చట్రానికి పలుచని ఇనుపరేకు తొడిగి, మేకులతో బిగించినది. 1936లో వచ్చిన టి.ఎ., 1939లో వచ్చిన టి.బి. కార్ల రూపమే దీనికీ ఉంది. సీట్ల దగ్గర బాడీని నాలుగంగుళాలు వెడల్పు చేయడం ఇందులోని ముఖ్యమైన మార్పుల్లో ఒకటి. అంటే పుట్టిననాటికే ఇది పాతకాలపు కారు.

దీని డాష్‌బోర్డులో ఒక విచిత్రం ఉంది. ఇంజను చుట్లు చూపే మీటరును డ్రైవరు ముందు పెట్టి, వేగం చూపే మీటరును పక్కన కూర్చున్న మనిషి ముందు పెట్టారు. నడిపేవాడికి ఇంజను స్థితి తెలిస్తే చాలు, ఎంత వేగంగా పోతున్నామన్న బెంగ పక్కవాళ్లు పడతారన్నట్టుగా ఉంటుంది ఆ ఏర్పాటు. ఊళ్లో 30 మైళ్ల హద్దు దాటకుండా డ్రైవరుకు ఒక చిన్న పచ్చదీపం మాత్రం ఇచ్చారు. అది 20 మైళ్ల దగ్గర వెలిగి, 30 దాటగానే ఆరిపోతుంది. చుట్ల మీటరును ముందు పెట్టుకున్న కారు పందేల మీద ఆశ పెట్టుకున్న కారేనని నా నమ్మకం.

ఆ ఆశకు ఆధారాలు లేకపోలేదు. ఎం.జి. పేరు పందేల్లోనే పెరిగింది. 1933లో ఇటలీలో జరిగిన మిల్లే మిలియా పందెంలో ఆ కంపెనీ కె3 కార్లు జట్టు బహుమతి తెచ్చుకున్నాయి. అదే సంవత్సరం ఉత్తర ఐర్లండులోని ఆర్డ్స్ దారి మీద జరిగిన టూరిస్ట్ ట్రోఫీని తాజియో నువోలారి కె3 కారుతోనే గెలిచాడు. అయితే అవి ఇంజనులోకి గాలిని బలవంతంగా కుక్కే సూపర్‌చార్జర్లు బిగించిన అసలైన పందెపు యంత్రాలు. టి.సి. అటువంటిది కాదు, ఆఫీసుకూ బజారుకూ పోవడానికి కొనుక్కొని, ఆదివారం నాడు మడ్‌గార్డులు విప్పి పందెంలో నిలబెట్టిన కారు. యుద్ధం ముగిసిన ఆ కాలంలో మధ్యతరగతి కుర్రాడికి అందే ధరలో, చేతి పనిముట్లతో బాగుచేసుకోగలిగిన స్పోర్ట్స్ కారు వేరే పెద్దగా లేకపోవడం దాని అదృష్టం. గట్టిగా నడిపితే గంటకు 75 మైళ్లు దాటేది. అంతకు మించి ఆశించడం అత్యాశే. కానీ బరువు ఎనిమిది వందల కిలోల లోపు, స్టీరింగ్ కొద్దిగా కదిపినా చక్రం వెంటనే తిరుగుతుంది, గేర్లు మణికట్టు కదలికతోనే పడతాయి. మలుపులున్న చోట తనకంటే రెట్టింపు శక్తి ఉన్న కార్లను అది చాలా దూరం వెంటాడేది.

1947లో ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్‌లో, నెమ్మది కార్లను ముందుగా వదిలే హ్యాండిక్యాప్ పద్ధతిలో జరిగిన ఆస్ట్రేలియన్ గ్రాన్ ప్రీని బిల్ మరే టి.సి.తో గెలిచాడు. 1948 అక్టోబర్ 2న అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్ అనే ఊరి వీధులనూ పొలాల దారులనూ కలిపి 6.6 మైళ్ల చుట్టుగా చేసి పందెం నడిపినప్పుడు, దానికి మూలపురుషుడైన కామెరన్ ఆర్గెట్‌సింగర్ తానూ ఒక టి.సి. తీసుకొని దిగి తొమ్మిదో స్థానంలో ముగించాడు. 1961లో ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయిన ఫిల్ హిల్ పందేల జీవితం టి.సి.తో మొదలైంది, తరువాత కోబ్రా కార్లు తయారుచేసిన కరోల్ షెల్బీ 1952లో మొదటి రోడ్డు పందెంలో నడిపింది స్నేహితుడి టి.సి.నే. ఇంగ్లండులో జార్జ్ ఫిలిప్స్ అనే ఆయన టి.సి. ఛాసిస్ మీద తేలికైన బాడీ కట్టించుకొని 1950 లె మాన్ 24 గంటల పందెంలో తన తరగతిలో రెండో స్థానం తెచ్చుకున్నాడు. అది చూసి ఆబింగ్డన్ వాళ్లు మరుసటి సంవత్సరం ఆయన కోసం గాలిని చీల్చుకుపోయే ఆకారంలో ఒక కారు కట్టిచ్చారు. అది లె మాన్‌లో మధ్యలోనే ఆగిపోయింది కానీ, ఆ రూపమే 1955లో ఎం.జి.ఎ. అనే కారుగా బజారులోకి వచ్చింది. ఈ ఎం.జి.ఎ. సంగతి గుర్తుంచుకోండి, మా షెడ్డులో జరిగిన ఒక గొడవకు దానితో సంబంధం ఉంది.

ఇక మన షోలవరం. నెల్లూరు వెళ్లే పాత రోడ్డులో రెడ్ హిల్స్ దాటాక వచ్చే ఊరు అది. మద్రాసుకూ నెల్లూరుకూ మధ్య తిరిగిన తెలుగు కుటుంబాలన్నీ కొన్ని వందలసార్లు ఆ ఊరి మీదుగా పోయి ఉంటాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో విమానాల కోసం వేసిన రన్‌వేలు యుద్ధం తరువాత పనిలేక పడి ఉన్నాయి. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాటి మీద పందేలు నడిపింది. 1990 ప్రాంతంలో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్బు సొంత ట్రాకు సిద్ధమయ్యేదాకా, దక్షిణాదిన మోటారు పందెమంటే షోలవరమే. జనం పొద్దున్నే టిఫిన్ క్యారియర్లతో చేరేవారని, ఫిబ్రవరి ఎండలో కాంక్రీటు పెనంలా కాలిపోయేదని, మలుపుల దగ్గర ఖాళీ డ్రమ్ములూ గడ్డిమోపులూ పెట్టేవారని మావయ్య చెబుతాడు. 1950ల మధ్యలో ఆయనకు పది, పన్నెండేళ్లు ఉంటాయి.

నిజం చెప్పాలంటే విమానాల దారి టి.సి.కి అన్యాయం చేసే చోటు. పొడవైన తిన్నని దారి మీద శక్తి ఉన్న కారుదే రాజ్యం. ఈ కారు గొప్పతనమంతా మలుపుల్లో ఉంది. రన్‌వే మీద ముందుండాలంటే ఇంజనును అది తట్టుకోగల చుట్ల హద్దు దగ్గరే పట్టి ఉంచాలి, మలుపు దాటగానే క్లచ్చు దబాలున వదిలి వేగం పుంజుకోవాలి. అలా చేసినప్పుడు ఈ కారులో మొట్టమొదట విరిగే వస్తువేమిటో ఎం.జి. సంగతి తెలిసిన మెకానిక్కులందరికీ తెలుసు. దాని దగ్గరకు తరువాత వస్తాను.

విప్పడం మొదలుపెట్టిన మొదటి నెలలోనే కొన్ని సంగతులు తెలిశాయి. బానెట్ రెండు పక్కలా, పైనుంచి తోలు పట్టీ వేసి కట్టడానికి చేసిన రంధ్రాలు ఉన్నాయి. ఎవరో తరువాత సీసం పోసి పూడ్చారు. బ్రేకు, క్లచ్చు పెడళ్లకు బరువు తగ్గించడానికి వరుసగా బెజ్జాలు వేశారు. అవి ఒకే దూరంలో లేవు, కనుక కర్మాగారం పని కాదు. మడ్‌గార్డుల బోల్టులు పట్టే రంధ్రాలు పదేపదే విప్పి బిగించినందువల్ల అరిగి కోలగా మారాయి. ఇవన్నీ పందెపు ఉత్సాహానికి గుర్తులే గాని, పందెంలో పాల్గొన్నదనడానికి రుజువులు కావు. ఆ రోజుల్లో కాలేజీ ముందు తిరగడానికి కూడా తోలు పట్టీలు కట్టుకునేవారు.

ఇంజను హెడ్డు, అంటే సిలిండర్ల పైమూత దగ్గర అనుమానం బలపడింది. ఈ ఇంజనుకు కర్మాగారం ఇచ్చిన హెడ్డు మందం 76.75 మిల్లీమీటర్లు. మాది మైక్రోమీటరుతో నాలుగు మూలలా కొలిస్తే 74.4 దగ్గర నిలిచింది. పాత మెకానిక్కులు గాస్కెట్ పట్టడం లేదని హెడ్డును లేతు మీద పెట్టి గీకించడం మామూలే, కానీ అప్పుడు పోయేది వెంట్రుకవాసి. ఇక్కడ రెండు మిల్లీమీటర్ల పైన పోయింది. ఎం.జి. కంపెనీ పందేలకు దిగేవారి కోసం అచ్చువేసిన ట్యూనింగ్ పుస్తకంలో మొదటి మెట్టుగా చెప్పిన కోత అంగుళంలో 32వ వంతులు మూడు, అంటే 2.38 మిల్లీమీటర్లు. దానితో కంప్రెషన్, అంటే సిలిండరులో గాలీ పెట్రోలూ నలిగే నిష్పత్తి, 8.6కు పెరుగుతుంది. మాది సరిగ్గా ఆ లెక్కకే వచ్చింది. ఎవరో ఆ పుస్తకాన్ని ముందు పెట్టుకొని, చదివి, మద్రాసులో ఏదో లేతు మీద ఆ కొలతకు కోయించారు. ఆనాటి నాసి పెట్రోలుతో ఆ కంప్రెషన్ పెట్టుకొని రోజూ బజారుకు తిరిగితే ఇంజను డబడబలాడుతుంది. పందెంలో దిగే ఉద్దేశం లేనివాడు ఆ పని చేయడు.

వెనక ఇరుసు విప్పిన రోజు మావయ్య షెడ్డులోనే ఉన్నాడు. పుదుపేటలో పాత బండ్ల విడిభాగాల మధ్య పెరిగిన మేస్త్రీ ఒకాయన నాకు సాయం చేశాడు. వాళ్ల తాతల నాటి నుంచి మద్రాసులోనే ఉన్నా, ఇంట్లో తెలుగే. ఆయన వెనక చక్రాలను తిప్పే రెండు యాక్సిల్ షాఫ్టులు బయటికి లాగి పక్కపక్కన పెట్టి, "సార్, ఇవి ఒక తల్లి బిడ్డలు కావు" అన్నాడు. కుడివైపుది ఇంగ్లండుది. ఎడమవైపుది ఏదో లారీ షాఫ్టు ఉక్కుతో ఇక్కడే తిరగేసినది. పళ్లు చేత్తో రాసిన అక్షరాల్లా కొంచెం వంకరగా ఉన్నాయి. సీటు వెనకనున్న గోనెసంచిలో పాత జాకీ, చక్రాల మూతలు కొట్టే రాగి సుత్తి, వాటి కింద పేపరులో చుట్టిన మూరెడు ఇనుపముక్క కనిపించాయి. అది అసలు ఎడమ షాఫ్టు, హబ్బు దగ్గర సన్నబడే చోట కీ గాడి నుంచి మెలితిరిగి విరిగింది.

టి.సి.లో మొట్టమొదట విరిగే వస్తువు అదే. ఒకవైపు షాఫ్టు విరిగితే, రెండు చక్రాలకూ బలాన్ని పంచే డిఫరెన్షియల్ ఇంజను బలాన్నంతా ఆ ఖాళీ వైపే తిప్పేస్తుంది కనుక రెండో చక్రం బాగున్నా కారు అంగుళం కదలదు. ఇంజను మోగుతూ ఉంటుంది, బండి నిలబడి ఉంటుంది.

మావయ్య ఆ ముక్కను చేతిలోకి తీసుకొని చాలాసేపు తిప్పి చూశాడు. తరువాత, "తోసుకుంటూ వచ్చాం రా" అన్నాడు. "ఎక్కడి నుంచి మావయ్యా?" అని అడిగాను. మూడో చుట్టులో మలుపు తిరిగి బయటికి వస్తుండగా టక్కుమని శబ్దం వచ్చిందని, కారు ఆగిపోయిందని, తాతయ్య దిగి టోపీ నేలకేసి కొట్టాడని, సాయంత్రం పందేలన్నీ అయ్యాక తానూ డ్రైవరూ మరో ఇద్దరూ కలిసి రోడ్డుదాకా తోశారని, ఒక ధాన్యం లారీ వెనక మోకుతో కట్టి రెడ్ హిల్స్ దాకా లాగించారని ఆయన వరుసగా చెప్పుకొచ్చాడు. మరి కప్పు సంగతేమిటని నేను అడగలేదు. ఆయనే, "మీ అమ్మమ్మ ముందు ఆయన ఏదో ఒకటి చెప్పాలి కదా" అన్నాడు. అరవై ఏళ్ల పాటు ఒక కట్టుకథను పూర్తిగా నమ్మిన మనిషికి ఒక ఇనుపముక్కను చూడగానే అసలు జ్ఞాపకం యథాతథంగా తిరిగి రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంది.

దీనితో నా పని మారిపోయింది. అప్పటిదాకా కారును 1947లో కర్మాగారం గేటు దాటినప్పుడు ఎలా ఉందో అలా చేయాలన్నది నా ఆలోచన. ప్రదర్శనల్లో బహుమతులిచ్చేది కూడా అటువంటి కార్లకే. కానీ పెడళ్ల బెజ్జాలు పూడ్చి, కొత్త మందం హెడ్డు తెచ్చి బిగిస్తే, ఈ కారు తన జీవితంలో చేసిన ఒకే ఒక్క సాహసాన్ని నేను చెరిపేసినట్టవుతుంది. అలాగని దాని మీద పందెపు కారు వేషం వేసి, తెల్లటి గుండ్రాలూ పెద్ద అంకెలూ రాయించి తిప్పడం టెన్నిస్ కప్పును చూపించినంత పనే. ఇనుము ఎంతవరకు సాక్ష్యం చెప్పిందో అంతవరకే ఉంచాలని నిర్ణయించుకున్నాను. హెడ్డును అలాగే వాడాను. ఈనాటి పెట్రోలుకు 8.6 కంప్రెషన్ ఒక లెక్కలోది కాదు. పెడళ్లు అలాగే ఉన్నాయి. బానెట్ రంధ్రాల్లోని సీసం తీయలేదు, ఎందుకంటే పూడ్చడం కూడా ఈ కారు కథలో భాగమే. లారీ ఉక్కు షాఫ్టును మాత్రం నమ్మలేక రెండువైపులా ఇంగ్లండులో కొత్తగా తయారవుతున్న, గట్టిదనం పెంచిన షాఫ్టులు తెప్పించాను.

ఇక్కడే అంబాసిడర్ గొడవ వచ్చింది. ఇంజను బ్లాకులో ఒక సిలిండరు తుప్పుపట్టి, పిస్టన్ ఊడిరాక మూడు వారాలు నూనెలో నానింది. మేస్త్రీకి విసుగొచ్చి, "దీన్ని పక్కన పడేసి అంబాసిడర్ ఇంజను ఎక్కిద్దాం సార్, అదీ ఇదీ ఒక ఇంటి పిల్లలే" అన్నాడు. ఆయన మాటలో తప్పులేదు. నేను ముందు చెప్పిన ఎం.జి.ఎ.లో ఉన్నది 1489 సి.సి. బి-సిరీస్ ఇంజను, మన అంబాసిడర్ దశాబ్దాల పాటు నడిచిందీ ఆ ఇంజనుతోనే. 1950లలో విదేశీ కార్ల దిగుమతి బిగుసుకుపోయాక ఈ దేశంలో మిగిలిపోయిన బ్రిటిష్ కార్లు ఎన్నో అటువంటి గుండెమార్పిడితోనే బతికాయి, అందుకు వాటిని తప్పుపట్టే అధికారం నాకు లేదు. కానీ మా కారులో పుట్టుకతో వచ్చిన ఇంజను, దాని నంబరు పలకతో సహా, ఇంకా ఉంది. నేను ఒప్పుకోలేదు. ఆయన నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజున పిస్టన్ ఊడింది.

ఈ ఇంజనుకు ఇంకో తిక్క ఉంది. కారంతా ఇంగ్లీషు అంగుళాల కొలతల్లో ఉంటే, ఇంజను మరలు మాత్రం మెట్రిక్. అదీ మామూలు మెట్రిక్ కాదు, 8 మిల్లీమీటర్ల బోల్టుకు మర చుట్టుకూ చుట్టుకూ మధ్య ఒక మిల్లీమీటరు దూరం ఉన్న సన్నమర. బోల్టు తలలు మాత్రం మళ్లీ ఇంగ్లీషు విట్‌వర్త్ స్పానరుకే పడతాయి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో హాచ్‌కిస్ అనే ఫ్రెంచి కంపెనీ తుపాకులు చేయడానికి కోవెంట్రీలో ఒక ఫ్యాక్టరీ పెట్టింది. యుద్ధం అయ్యాక అక్కడే, ఎం.జి.కి మూలమైన మోరిస్ కంపెనీ కార్లకు ఇంజన్లు చేయడం మొదలైంది, 1923లో మోరిస్ దాన్ని కొనేశాడు. యంత్రాలు ఫ్రాన్సువి కనుక మర ఫ్రెంచిది, బిగించేవాడు ఇంగ్లీషువాడు కనుక తల ఇంగ్లీషుది. ఇది తెలియని ఒక లేతు షాపు అంబత్తూరులో నా బ్లాకులోని రెండు రంధ్రాలకు మామూలు బజారు ట్యాపు వేసి మర చెడగొట్టింది. చెప్పి పంపకపోవడం నా తప్పు, అడగకపోవడం వాళ్ల తప్పు. రెండు రంధ్రాలకూ లోపల కొత్త మర తొడుగులు వేయించి గట్టెక్కాను.

కలప పని నిదానంగా సాగింది. మద్రాసు తేమకు, చెదలకు యాష్ చట్రం అడుగుభాగం పొడిపొడి అయిపోయింది. తలుపులు పట్టిన నిట్రాటలు వంగి, తలుపు మూస్తే అంగుళం కిందికి జారేది. వడ్రంగి ఆచారిగారు టేకు తప్ప మరొకటి ముట్టనన్నారు. టేకు చెదలు పట్టదు నిజమే, కానీ అందులో సహజంగా ఉండే నూనె వల్ల జిగురు సరిగా పట్టదు, అంచున మేకు కొడితే చీలుతుంది. ఈ బాడీలో రేకంతా అంచు మేకుల మీదే నిలబడాలి. చివరకు కింది దూలాలు టేకుతో, అసిటోన్‌తో తుడిచి జిగురు పెట్టి చేశాం. మేకులు దిగే నిట్రాటలకూ వంపు భాగాలకూ యాష్ కలప తెప్పించాను. ఆచారిగారు మొదటి యాష్ ముక్కను చిత్రిక పట్టి, "ఇది బండి చక్రానికి పనికొచ్చే జాతి" అన్నారు. ఆ కలపకు అంతకంటే మంచి యోగ్యతాపత్రం నేను వినలేదు.

చక్రాల విషయంలో ఈ ఊరివాళ్లందరిదీ ఒకే సలహా. మద్రాసులో 19 అంగుళాలంటే బుల్లెట్టే. బుల్లెట్ టైర్లే వేసుకొమ్మని కనీసం ఐదుగురు చెప్పారు. మోటారు సైకిలు టైరు వంగి తిరగడానికి గుండ్రంగా చేసింది, కారు బరువును పక్కనుంచి మోయలేదు. కనుక అసలు కొలత 4.50 టైర్లే తెప్పించాను. అయితే వంకర తీసి పుల్లలు బిగించింది మాత్రం బుల్లెట్ చక్రాలు కట్టే ఒక పెద్దాయనే. చక్రానికి 48 పుల్లలు. ఆయన ఒక్కొక్కదాన్ని వేలితో మీటి, పక్కదానితో పోల్చి, తంబురా శ్రుతి చేసినట్టు బిగించాడు. డయల్ గేజీ పెట్టి చూస్తే నాకు తప్పు దొరకలేదు.

పెట్రోలు గురించి పాత కార్లున్నవారికి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరు గొట్టాలనూ కార్క్ సీళ్లనూ తినేస్తుంది, గాలిలోని తేమను పీల్చి ట్యాంకు అడుగున తుప్పు పుట్టిస్తుంది. నేను గొట్టాలన్నీ మార్చి, ట్యాంకు లోపల పూత వేయించి, నెలకు పైగా నడపనప్పుడు పెట్రోలు పూర్తిగా దింపేస్తున్నాను.

రంగు తీసేటప్పుడు పైన నల్లరంగు, దాని కింద మీగడరంగు, దాని కింద ఎరుపు, అన్నిటికంటే కింద అసలు పచ్చ కనిపించాయి. ఎడమ తలుపు మీద ఎరుపుకూ మీగడకూ మధ్య, నీళ్ల కాగితంతో మెల్లగా రుద్దుతుండగా, తెల్లటి గుండ్రం అంచు, దానిలో 4 అంకె సగం బయటపడ్డాయి. అక్కడితో ఆపించాను. కారంతా పచ్చరంగు వేసి, తలుపు మీద అరచేయంత చోటు మాత్రం ఆ పొరలన్నీ కనిపించేలా పైన వార్నిషు పట్టించి వదిలేశాను. పెయింటరు ఇందుకు చాలా బాధపడ్డాడు. తన షాపు పేరు ఎవరికీ చెప్పవద్దని కోరాడు.

కాగితాల పని అనుకున్నంత కష్టం కాలేదు. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి పాత నంబరు ఉంటే దాన్నే ఉంచుకోవచ్చు. రోజువారీ పనులకు వాడకూడదు, ర్యాలీలకూ ప్రదర్శనలకూ మరమ్మతులకూ నడపవచ్చు.

గత సంవత్సరం జనవరిలో జరిగిన ఒక ఉదయపు ర్యాలీ రెడ్ హిల్స్ మీదుగా వెళ్లింది. మావయ్య పక్క సీటులో కూర్చున్నాడు, కనుక వేగం మీటరు ఆయన ముందుంది. పుళల్ దాటేదాకా పచ్చదీపం వెలుగుతూ ఆరుతూ వచ్చింది. తరువాత దారి ఖాళీ అయ్యింది, దీపం ఆరింది, ఆయన మైళ్లలో లెక్క చదవడం మొదలుపెట్టాడు. నలభై ఐదు దగ్గర, "చాలు" అన్నాడు. రెడ్ హిల్స్‌లో టీ తాగడానికి ఆగినప్పుడు, లారీ మోకు విప్పిన చోటు ఇదేనని రోడ్డుకు అవతల ఒక మొబైల్ షాపును చూపించాడు.

విరిగిన షాఫ్టు ముక్కను ఆయన అడిగి తీసుకున్నాడు. కొత్త ఫ్లాటులోని అద్దాల బీరువాలో పాత కప్పు ఉండే చోట ఇప్పుడు అది ఉంది. దాని తుప్పు తుడవడానికి ఎవరినీ అనుమతించడం లేదు. కప్పు నా షెడ్డులోనే ఉంది. కార్బొరేటర్ జెట్లూ సూదులూ విప్పినప్పుడు పోకుండా అందులో వేసుకుంటున్నాను.